పసిబిడ్డకు లూపస్ అన్నారా? ముందు గుండె చూపించండి, మచ్చల సంగతి తర్వాత

"డాక్టరుగారూ, పాపకి లూపస్ అంటున్నారు. ఇక జీవితాంతం మందులేనా?"

"నాకే జబ్బూ లేదు కదండీ, నా బిడ్డకెలా వచ్చింది?"

"తామర అని ఆయింట్‌మెంట్ రాస్తున్నాం, తగ్గట్లేదు. ఏం చేయాలి?"

నన్ను అడిగేవాళ్లు వేరుగానీ ప్రశ్నలు మాత్రం ఇవే. చిన్నపిల్లల ఓపీలో నిలబడి ఐదు నిమిషాల్లో చెప్తే బాలింతకు సగం బుర్రకెక్కదు. ఇంటికెళ్లాక అత్తగారు అడిగితే చెప్పలేక ఏడుస్తుంది. అందుకే ఏ పని ముందు, ఏది తర్వాత అన్నది వరసగా రాస్తున్నాను. ఫోన్లో దాచుకుని ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

విషయం ముందు నాలుగు మాటల్లో చెప్తాను. లూపస్ అంటే రోగాలతో పోరాడాల్సిన ఒంటి రక్షణ శక్తి సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బు. పుట్టిన బిడ్డలో కనిపించే ఈ లూపస్ మాత్రం బిడ్డ సొంత జబ్బు కాదు. తల్లి రక్తంలో యాంటీ-రో, యాంటీ-లా అనే యాంటీబాడీలు (ఒంటి రక్షణకు తయారయ్యే పదార్థాలు, ఇవి దారితప్పినవి) ఉంటాయి. రిపోర్టుల్లో వీటినే ఎస్‌ఎస్‌-ఎ, ఎస్‌ఎస్‌-బి అని రాస్తారు. గర్భంలో ఉండగా అవి మాయ దాటి బిడ్డలోకి వెళ్తాయి. పుట్టాక బిడ్డ ఒంట్లో కొత్తవి తయారు కావు, ఉన్నవే మెల్లగా అరిగిపోతాయి. ఆరు నుంచి తొమ్మిది నెలలకు దాదాపు పోతాయి. వాటితోపాటే చర్మం మీది మచ్చలు, రక్తంలో తేడాలు, లివర్ ఇబ్బంది కూడా సర్దుకుంటాయి.

సర్దుకోనిది ఒకటుంది, గుండె. గుండెలో కరెంటు నడిచే దారి కడుపులో ఉండగానే దెబ్బతిని పూర్తిగా ఆగిపోతే ఆ దారి మళ్లీ బాగుపడదు. దీన్నే పూర్తి హార్ట్ బ్లాక్ అంటారు. అందుకే మచ్చ ఎంత చిన్నదైనా నేను మొదట అడిగేది ఈసీజీ, అంటే గుండె కరెంటును కాగితం మీద గీసే పరీక్ష.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- బిడ్డ డిశ్చార్జి కాగితాలు, గర్భంలో తీసిన స్కానింగ్ రిపోర్టులన్నీ. అయిదో నెల టిఫా స్కాన్ (బిడ్డ అవయవాలన్నీ చూసేది) తప్పకుండా ఉండాలి.
- సెకన్ల ముల్లు ఉన్న గడియారం, లేదా ఫోన్లో స్టాప్‌వాచ్.
- అంచులు నున్నగా ఉన్న చిన్న గాజు గ్లాసు.
- దర్జీ టేపు.
- ఒక నోటు పుస్తకం. తేదీ, పాలు తాగిన తీరు, విరేచనం రంగు, గుండె లెక్క రాసుకోవడానికి.
- మెత్తటి నూలు బట్టలు, పూర్తి చేతులవి. అంచు ఉన్న టోపీ.

1. మచ్చను పగటి వెలుగులో చూడండి

బిడ్డను కిటికీ దగ్గరికి తీసుకెళ్లండి, నేరుగా ఎండ పడకూడదు. ట్యూబ్‌లైటు కింద చూస్తే రంగు తెలియదు. ముఖం, కళ్ల చుట్టూ, నుదురు, తల, చెవుల వెనక చూడండి. తర్వాత ఛాతీ, వీపు, చేతులు.

లూపస్ మచ్చ సాధారణంగా గుండ్రంగా, ఉంగరంలా ఉంటుంది. అంచు కాస్త ఉబ్బి ఎర్రగా, మధ్యలో తేటగా. కొన్నిసార్లు పైన సన్నటి పొట్టు లేస్తుంది. కళ్ల చుట్టూ వస్తే గుడ్లగూబ కళ్లకు రంగు పూసినట్టు కనిపిస్తుంది. మన చామనఛాయ పిల్లల్లో ఎరుపు సరిగా తెలియదు. గోధుమ రంగులోనో కాస్త ఊదాగానో ఉంటుంది. పుస్తకాల్లో తెల్లపిల్లల ఫొటోలు చూసి "ఇలా లేదు కదా" అని వదిలేయకండి.

పుట్టిన రోజే ఉండొచ్చు. ఎక్కువమందిలో మొదటి రెండు నెలల్లో, బిడ్డకు ఎండ తగలడం మొదలయ్యాక బయటపడుతుంది. పచ్చకామెర్లకు నీలి లైటు కింద పెట్టిన రెండు మూడు రోజులకే బయటపడ్డ పిల్లలూ ఉన్నారు.

ఫొటో తీయండి. పక్కన రూపాయి బిళ్ల పెట్టి తీస్తే వారం తర్వాత పెరిగిందో తగ్గిందో పోల్చుకోవచ్చు. ఫ్లాష్ వద్దు, ఫిల్టర్ అసలే వద్దు. తీశాక బిళ్ల తీసి దూరంగా పెట్టండి.

*దేనితో పొరబడతారు:* అన్నిటికంటే ఎక్కువగా తామరతో. గుండ్రంగా ఉంటే తామర అనుకోవడం మనకు అలవాటు. కానీ నెల బిడ్డకు, అదీ ముఖం మీద రెండు పక్కలా ఒకేలా తామర రావడం అరుదు. అనుమానముంటే పొట్టు గీకి ఫంగస్ పరీక్ష చేస్తారు, అరగంటలో తేలిపోతుంది. తలలో చుండ్రు పొక్కులు, పాల ఎగ్జిమా, చెమటకాయలు కూడా ఇలాగే మభ్యపెడతాయి. అమ్మవారు పోసిందని వేపాకులు కట్టి ఇంట్లోనే ఉంచేసిన కుటుంబాలనూ చూశాను. వేపాకు కట్టుకోండి, కాదనను. డాక్టరు దగ్గరికి మాత్రం ఆ రోజే రండి.

2. గుండె లెక్కపెట్టండి

ఇది ఏ తల్లయినా చేయగలదు. బిడ్డ పాలు తాగి మెలకువగా, ఏడవకుండా ఉన్న సమయం చూసుకోండి. చొక్కా తీసి మీ చెవిని బిడ్డ ఎడమ చనుమొన కింద ఆనించండి. లబ్-డబ్ అని జంటగా వినిపిస్తుంది, ఆ జంట కలిపి ఒక్కటిగా లెక్క. ఒక్కో జంట చప్పుడుకు మీ వేలితో మంచం మీద తట్టండి, పక్కనున్నవాళ్లు గడియారం చూస్తూ తట్టినవి లెక్కపెట్టాలి. నిండా 60 సెకన్లు లెక్కపెట్టండి. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే పసిపిల్లల్లో లెక్క తప్పుతుంది.

మెలకువగా ఉన్న పసిబిడ్డకు నిమిషానికి 100 నుంచి 180 మధ్య ఉండటం మామూలే. గాఢ నిద్రలో 90 దాకా దిగొచ్చు. పూర్తి హార్ట్ బ్లాక్ ఉన్న పిల్లల్లో చాలామందికి 50 నుంచి 70 మధ్యే కొట్టుకుంటుంది. తేడా ఎంత ఉంటుందంటే, ఒకసారి మామూలు బిడ్డ గుండె విన్న అమ్మమ్మ చెవి ఆనించగానే "ఇదేంటి, పెద్దవాళ్లకి కొట్టుకున్నట్టు కొట్టుకుంటోంది" అనేస్తుంది.

మెలకువలో 100 కంటే తక్కువ వస్తే పది నిమిషాలాగి మళ్లీ లెక్కపెట్టండి. మళ్లీ అంతే వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. 70 కంటే తక్కువ ఉన్నా, లేక లెక్క ఎంతున్నా సరే బిడ్డ పాలు తాగలేక అలసిపోతున్నా, నుదుటి మీద చెమట పడుతున్నా, ఒళ్లు పాలిపోయినా, ఊపిరి ఎగపోస్తున్నా, 108కి ఫోన్ చేయండి.

*జాగ్రత్త:* కరోనా రోజుల్లో కొన్న వేలి ఆక్సీమీటరు పెద్దల వేలి కొలతకు చేసింది. దాన్ని పసిబిడ్డ వేలికో కాలికో తగిలించి వచ్చిన అంకె నమ్మకండి, ఎక్కువ చూపినా తక్కువ చూపినా.

ఇంకో మాట. ఇంట్లో లెక్క బాగా వచ్చింది కదా అని ఈసీజీ మానేయకూడదు. మొదటి దశ బ్లాక్ (కరెంటు ఆగకుండా, ఆలస్యంగా నడవడం) చెవికి వినపడదు, కాగితం మీదే తెలుస్తుంది.

3. ఈసీజీ ఆ రోజే తీయించండి

నొప్పి లేని పరీక్ష, పది నిమిషాల పని. పెద్దల ఈసీజీ తీసే ప్రతిచోటా పసిపిల్లలకు తీయలేరు. చిన్న ఎలక్ట్రోడ్లు కావాలి, చూసే కళ్లు కావాలి. ముందే ఫోన్ చేసి "పుట్టిన పిల్లలకు తీస్తారా" అని అడిగి వెళ్లండి. బిడ్డ కడుపు నిండి నిద్రపోతుంటే గీత శుభ్రంగా వస్తుంది.

రిపోర్టులో "పీఆర్ ఇంటర్వెల్" (గుండె పై గదుల నుంచి కింది గదులకు కరెంటు చేరడానికి పట్టే సమయం) ఎంతో అడిగి మీ పుస్తకంలో రాసుకోండి. అది ఎక్కువ ఉంటే మొదటి దశ బ్లాక్ అంటారు. చాలామందిలో అక్కడే ఆగుతుంది లేదా సర్దుకుంటుంది, కొద్దిమందిలో పుట్టాక కూడా ముదురుతుంది. అందుకే మళ్లీ ఎప్పుడు తీయాలో తేదీ వేయించుకుని రండి. గుండె కండరం ఎలా ఉందో చూడటానికి ఎకో (గుండె స్కానింగ్) కూడా చేస్తారు. కరెంటు దారి బాగున్నా కండరం బలహీనపడే పిల్లలు కొందరున్నారు.

4. తల్లి రక్తం పరీక్ష చేయించండి

ఇక్కడే కుటుంబాలు ఎక్కువ తడబడతాయి. "బిడ్డకు మచ్చలొస్తే నాకెందుకు పరీక్ష?" అంటారు. కారణం తల్లి రక్తంలో ఉంది కనుక. పైగా పసిబిడ్డ నరం వెతికి గుచ్చడం కంటే తల్లి చేతినుంచి రక్తం తీయడం తేలిక.

అడగాల్సిన పరీక్ష పేరు: యాంటీ-రో, యాంటీ-లా యాంటీబాడీలు. ల్యాబుల్లో వీటిని ఈఎన్‌ఏ ప్యానెల్ లేదా ఏఎన్‌ఏ ప్రొఫైల్ అని చేస్తారు. ఉత్త ఏఎన్‌ఏ (ఇలాంటి యాంటీబాడీలను మొత్తంగా వెతికే పరీక్ష) ఒక్కటే చేయించి "నెగెటివ్ వచ్చింది, లూపస్ లేదు" అని తేల్చేయడం పెద్ద పొరపాటు. యాంటీ-రో ఉండి కూడా ఏఎన్‌ఏ నెగెటివ్ రావచ్చు. ఇంకా అనుమానముంటే యాంటీ-ఆర్‌ఎన్‌పీ కూడా చూస్తారు. కొద్దిమందిలో ఆ యాంటీబాడీ వల్ల ఉత్త చర్మం మచ్చలే వస్తాయి.

ఈ పిల్లల తల్లుల్లో దాదాపు సగం మందికి బిడ్డ పుట్టేనాటికి ఏ జబ్బూ తెలియదు. ఓ తల్లి నాకు బాగా గుర్తు. నలభై రోజుల పాప, రెండు కణతల మీదా ఉంగరాల్లా మచ్చలు. మూడు వారాలుగా తామర మందు రాస్తున్నారు. పాప ఈసీజీ బాగానే ఉంది. తల్లిని అడిగితే "నాకేం లేదండీ" అంది. మాట్లాడుతూ మాట్లాడుతూ బాటిల్ తీసి నీళ్లు తాగింది. రెండు నిమిషాలకు మళ్లీ తాగింది. "నోరెండిపోతుందా?" అన్నాను. "ఎప్పట్నుంచో అంతేనండీ, నీళ్లు లేకుండా అన్నం ముద్ద దిగదు. కళ్లల్లో ఇసుక పోసినట్టుంటుంది. ఫోన్ ఎక్కువ చూస్తున్నానని మా ఆయన తిడతాడు" అంది. అది షోగ్రెన్ జబ్బు (రక్షణ శక్తి లాలాజలం, కన్నీళ్ల గ్రంథుల మీద తిరగబడేది) అని పరీక్షలో తేలింది. ఏళ్ల తరబడి ఆమె పడ్డ ఇబ్బందికి పేరు దొరికింది పాప మచ్చల వల్లే.

మీకూ కీళ్ల నొప్పులు, పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోవడం, ఎండకు ముఖం కమిలిపోవడం, జుట్టు కుచ్చులుగా ఊడటం, నోరు కళ్లు ఎండిపోవడం ఉంటే దాచకుండా డాక్టరుకు చెప్పండి. బాలింతలకు మామూలేనని సర్దుకోకండి.

ఇంట్లో పెద్దవాళ్లకు ఒక మాట. ఆ అమ్మాయి గ్రహణం చూసిందనో, ఏదో తిన్నదనో అనకండి. యాంటీబాడీలు ఆమె తెచ్చుకున్నవి కావు. ఆపగలిగినవీ కావు.

5. రక్తం, లివర్, తల కొలత

బిడ్డకు సీబీపీ, ఎల్‌ఎఫ్‌టీ చేస్తారు. ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు, హిమోగ్లోబిన్ తగ్గాయా, లివర్ ఎంజైములు పెరిగాయా చూస్తారు. తేడా ఉంటే కొన్ని వారాలకోసారి మళ్లీ చూస్తారు, చాలావరకు వాటంతటవే సర్దుకుంటాయి.

ఇంట్లో మీరు చూడాల్సినవి:

*గ్లాసు పరీక్ష.* ఒంటి మీద చీమ తలకాయంత ఎర్ర చుక్కలు కనిపిస్తే గాజు గ్లాసు అంచు ఆనించి మెల్లగా నొక్కండి. గాజులోంచి చూస్తే చుక్క మాయమైందా? అయితే అది మామూలు ఎరుపు. చెక్కుచెదరకుండా అలాగే ఉందా? చర్మం కింద రక్తం చిమ్మింది, ప్లేట్‌లెట్లు తగ్గి ఉండొచ్చు. ఆ రోజే చూపించండి. బొడ్డు దగ్గర, విరేచనంలో, ముక్కులో రక్తం కనిపిస్తే ఆగకండి. పుట్టగానే విటమిన్-కె ఇంజెక్షన్ వేశారా అన్నది డిశ్చార్జి కాగితంలో చూసి చెప్పండి, డాక్టరు అడుగుతారు.

*విరేచనం రంగు.* పాలు తాగే బిడ్డకు పసుపుపచ్చగా, ఒక్కోసారి ఆకుపచ్చగా ఉంటుంది. సుద్దముక్కలా, గోడ సున్నంలా తెల్లబడితే, మూత్రం గుడ్డ మీద పసుపు మరక పడితే, పైత్యం లోపల ఆగిపోతోందని అర్థం. పసరు పోయించడానికి, చురకలు పెట్టించడానికి తీసుకెళ్లకండి. లూపస్ వల్లే అయితే తగ్గుతుంది. కానీ పైత్యనాళం మూసుకుపోయిన జబ్బు కూడా సరిగ్గా ఇలాగే ఉంటుంది, దానికి రెండు నెలల లోపు ఆపరేషన్ చేస్తేనే ఫలితం బాగుంటుంది. "లూపస్ అన్నారు కదా, అదే తగ్గుతుంది" అని కూర్చుంటే ఆ గడువు దాటిపోతుంది. రెండు వారాలు దాటినా కామెర్లు తగ్గకపోతే డైరెక్ట్ బిలిరుబిన్ (పైత్యం ఆగిందా అని చెప్పే కామెర్ల లెక్క) ఎంతో అడగండి.

*తల కొలత.* కనుబొమల పైనుంచి వెనక ఎత్తుగా ఉన్న భాగం మీదుగా టేపు చుట్టి నెలకోసారి రాయండి. అరుదుగా ఈ పిల్లల్లో తల మామూలు కంటే ఎక్కువ పెరుగుతుంది. టీకాకు వెళ్లినప్పుడు ఆ అంకె చూపిస్తే వాళ్లు గ్రాఫులో పెట్టి చూస్తారు.

6. ఎండ నుంచి కాపాడండి

మచ్చలకు అసలైన మందు ఇదే, మన ఇళ్లల్లో అన్నిటికంటే కష్టమైందీ ఇదే. పొద్దున్నే వరండాలో కాళ్లు చాపుకుని, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి లేత ఎండ చూపించడం మన పద్ధతి. అందులో నాయనమ్మ ప్రేమ ఉంది. ఈ బిడ్డకు మాత్రం ఆరు నుంచి తొమ్మిది నెలల దాకా ఆ ఎండ వద్దు. లేత ఎండ కూడా వద్దు.

- నూనె మర్దన గదిలో చేయండి, మచ్చల మీద రుద్దకుండా. సున్నిపిండి గరగరలాడేది మానేయండి. సాంబ్రాణి పొగ కూడా వద్దు.
- కిటికీ అద్దం ఎండను పూర్తిగా ఆపదు. ఉయ్యాల కిటికీ పక్కన ఉంటే జరపండి, తెర వేయండి.
- టీకాకు, ఆసుపత్రికి పొద్దున్నే తొందరగానో పొద్దు వాలాకో వెళ్లండి. టోపీ, పూర్తి చేతుల చొక్కా, గొడుగు.
- ఆరు నెలల లోపు సన్‌స్క్రీన్ కంటే నీడ, బట్టలే మేలు. తప్పనిసరిగా బయటికి వెళ్లాల్సి వస్తే జింక్ ఆక్సైడ్ ఉన్నది కొద్దిచోట మాత్రమే, డాక్టరును అడిగి రాయండి.
- కంటికి కాటుక వద్దు. కళ్ల చుట్టూ మచ్చ పెరిగిందో తగ్గిందో కనిపించదు. దిష్టిచుక్క కావాలంటే అరికాలికి పెట్టండి.

ఎండ చూపించకపోతే విటమిన్-డి ఎలా అంటారు. రోజుకు 400 యూనిట్ల చుక్కల మందు మామూలుగా పసిపిల్లలందరికీ ఇవ్వమంటాం, ఈ బిడ్డకు అసలు మానకండి. సీసా మీద ఒక మిల్లీలీటరుకు ఎన్ని యూనిట్లో చూడండి. ఒక్కో కంపెనీ సీసాలో 400 ఉంటుంది, ఇంకోదాంట్లో 800. అదే డ్రాపరుతో అంతే పోస్తే రెట్టింపు వెళ్తుంది.

*నీలి లైటు విషయం.* కామెర్లు ఎక్కువై లైటు కింద పెట్టాలంటే "మా బిడ్డకు లూపస్, వద్దు" అని అడ్డుపడకండి. బిలిరుబిన్ మితిమీరితే మెదడుకు దెబ్బ, అది తిరిగి రాదు. మచ్చలు తగ్గిపోతాయి. తల్లికి యాంటీ-రో ఉందని ముందే చెప్పండి చాలు, వాళ్లు అవసరమైనంత సేపే పెట్టి చర్మం గమనిస్తారు.

7. ఆయింట్‌మెంట్లు: తక్కువే మేలు

మచ్చలు మందు లేకుండానే పోతాయి. బాగా ఎర్రగా ఉంటే 1 శాతం హైడ్రోకార్టిసోన్ లాంటి తేలికపాటి క్రీము కొద్దిరోజులు రాయమంటారు.

మెడికల్ షాపులో "దురదకి, తామరకి, అన్నిటికీ ఇదే" అని ఇచ్చే మూడు మందులు కలిసిన ట్యూబు ఉంటుంది చూడండి, అది ముట్టుకోకండి. అందులో చాలావాటిల్లో గట్టి స్టెరాయిడ్ ఉంటుంది. రాసిన రెండు రోజులకు ఎరుపు తగ్గినట్టు కనిపిస్తుంది, అందుకే జనం నమ్ముతారు. పసిబిడ్డ ముఖం మీద వారాల తరబడి రాస్తే చర్మం పల్చబడి నరాలు తేలతాయి, మందు ఒంట్లోకీ ఇంకుతుంది. ఇప్పటికే రాస్తూ ఉంటే ఆ ట్యూబు డాక్టరుకు చూపించండి, పేరు చెప్పడం కంటే ట్యూబు తేవడం మంచిది.

తగ్గుతోందా లేదా ఎలా తెలుసుకోవాలి? వారానికోసారి అదే కిటికీ దగ్గర, అదే రూపాయి బిళ్లతో ఫొటో. ముందు అంచు చదునవుతుంది, తర్వాత రంగు వెలిసిపోతుంది. కొందరికి ఆ చోట తెల్లగానో నల్లగానో నీడ, సన్నటి ఎర్ర నరాలు కొన్ని నెలలు మిగులుతాయి. మరక ఉండిపోవడం వేరు, కొత్త ఉంగరాలు రావడం వేరు. తొమ్మిది నెలలు దాటాక కూడా కొత్తవి పుడుతుంటే అది ఇంకేదో జబ్బు అయి ఉండొచ్చు, మళ్లీ మొదటినుంచి చూడాలి.

8. పాలు, టీకాలు

తల్లిపాలు ఇవ్వండి. యాంటీబాడీలు పాలల్లో వెళ్తాయని డబ్బా పాలకు మార్చిన తల్లులు ఉన్నారు. అవసరం లేదు. నష్టం జరిగింది మాయ ద్వారా, పాల ద్వారా కాదు. తల్లి లూపస్ కోసం ఇచ్చే హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్ర వాడుతున్నా పాలు ఇవ్వొచ్చు. ఇతర మందులుంటే ఒక్కొక్కటీ డాక్టరుతో చూపించుకోండి.

టీకాలు మామూలు వరసలోనే. మూడు చోట్ల మాత్రం ముందు అడగాలి: ప్లేట్‌లెట్లు బాగా తక్కువ ఉంటే, బిడ్డకు ఇమ్యునోగ్లోబులిన్ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు) ఎక్కించి ఉంటే (తొమ్మిదో నెల ఎంఆర్ టీకా వెనక్కి జరపాల్సి రావచ్చు), గర్భంతో ఉండగా తల్లి బయలాజిక్ ఇంజెక్షన్లు (రక్షణ శక్తిని అణిచే ఖరీదైన మందులు) వాడి ఉంటే (బీసీజీ, రోటా విషయం చూడాలి). ఏఎన్ఎమ్‌కు మీ పుస్తకం చూపిస్తే చాలు.

9. హార్ట్ బ్లాక్ ఉందని తేలితే

భయపడటం సహజం. కానీ సరైన చోట ఉంటే చేయగలిగింది చాలా ఉంది.

పూర్తి బ్లాక్ ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు పేస్‌మేకర్ కావాలి. గుండె నిర్మాణం బాగుండి కూడా వేగం 55 కంటే తక్కువుంటే, నిర్మాణంలో లోపముండి 70 కంటే తక్కువుంటే, లేదా గుండె అలసిపోతున్న లక్షణాలుంటే తొందరగా పెడతారు. పసిపిల్లల్లో తీగలు గుండె పైనుంచి కుట్టి, బ్యాటరీ పెట్టెను పొట్ట గోడలో అమరుస్తారు. ఎదిగే కొద్దీ బ్యాటరీ మార్చాలి, తీగ పొడవు చూసుకోవాలి. ఈ పిల్లలు బడికి వెళ్తారు, ఆడుకుంటారు.

ఎక్కడికి వెళ్లాలి? చిన్నపిల్లల గుండె డాక్టరు, పేస్‌మేకర్ పెట్టే సౌకర్యం రెండూ ఉన్నచోటికి. తిరుపతిలో టీటీడీ 2021లో ప్రారంభించిన శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం ఉంది. తల్లికి లూపస్, కీళ్లవాతం సంబంధమైన పరీక్షలకు హైదరాబాద్ నిమ్స్‌లో రీమటాలజీ విభాగం ఉంది. ఏ ఆసుపత్రైనా సరే, చేర్చకముందే ఉచిత వైద్య పథకం చూసే ఆరోగ్యమిత్ర దగ్గర కూర్చుని పథకం కార్డు చూపించి ఏది ఉచితం, ఏది కాదు అడిగి తెలుసుకోండి. అంగన్‌వాడీకి, ఊళ్లోకి వచ్చే ఆర్‌బీఎస్‌కే బృందానికి (పిల్లలను పరీక్షించే ప్రభుత్వ వైద్య బృందం) చెప్పినా పెద్దాసుపత్రికి పంపే ఏర్పాటు చేస్తారు.

10. ఎంతకాలం చూపించుకోవాలి

చర్మం ఒక్కటే ఉండి, ఈసీజీ, రక్తం, లివర్ బాగుంటే తొమ్మిది నెలలు, ఏడాది వరకు. ఆఖర్న బిడ్డ రక్తంలో యాంటీబాడీ పోయిందో లేదో ఒకసారి చూస్తారు. గుండె దెబ్బతిన్న పిల్లలకు జీవితాంతం గుండె డాక్టరు ఉండాలి. ఈ పిల్లల్లో కొద్దిమందికి పెద్దయ్యాక ఆటోఇమ్యూన్ జబ్బులు (రక్షణ శక్తి సొంత ఒంటి మీదే తిరగబడేవి) రావచ్చు కాబట్టి పాత రిపోర్టులు పారేయకండి. బడి మార్చినా, ఊరు మార్చినా ఆ ఫైలు వెంట ఉండాలి.

11. మళ్లీ గర్భం అనుకుంటే

ఇది చదవాల్సినవాళ్లు సాధారణంగా ఇక్కడిదాకా చదవరు, దయచేసి చదవండి.

యాంటీ-రో ఉన్న తల్లికి, ముందు పిల్లలెవరికీ ఈ జబ్బు రాకపోతే, బిడ్డకు హార్ట్ బ్లాక్ వచ్చే అవకాశం 100లో సుమారు 2. అంటే 98 మందికి రాదు. ముందు బిడ్డకు హార్ట్ బ్లాక్ వచ్చి ఉంటే మాత్రం 100లో 16 నుంచి 18 దాకా ఉంటుంది. ముందు బిడ్డకు ఉత్త మచ్చలే వచ్చినా, తర్వాతి బిడ్డకు గుండె ముప్పు మామూలు కంటే ఎక్కువే. "మచ్చలే కదా, పోయాయి" అని ఊరుకోవద్దు.

హైడ్రాక్సీక్లోరోక్విన్ ఈ ముప్పు తగ్గిస్తుంది. ముందు బిడ్డకు హార్ట్ బ్లాక్ వచ్చిన తల్లులకు పదో వారంలోపే రోజుకు 400 మిల్లీగ్రాములు మొదలుపెట్టి చూసిన అధ్యయనం 2020లో వచ్చింది, అందులో 7.4 శాతం మందికే మళ్లీ వచ్చింది. కాబట్టి నెల తప్పాక కాదు, గర్భం అనుకుంటున్నప్పుడే రీమటాలజిస్టును కలవండి. మందు మోతాదు, కంటి పరీక్ష ఆయన చూసుకుంటారు. సొంతంగా కొనుక్కుని మింగకండి. ఇప్పటికే వాడుతుంటే గర్భం రాగానే భయపడి ఆపేయకండి.

బ్లాక్ ఎక్కువగా 18 నుంచి 24 వారాల మధ్య వస్తుంది. అందుకే 16–18 వారాల నుంచి 26 దాకా, ముఖ్యంగా ముందు బిడ్డకు వచ్చి ఉంటే, వారానికోసారి గర్భస్థ శిశువు ఎకో చేస్తారు. అయిదో నెల టిఫా స్కాన్ ఒకటి బాగుంది కదా అని మిగతావి మానేస్తే, ఆ తర్వాతి వారం మొదలైన తేడా ఎవరికీ తెలియదు.

కడుపులోనే బ్లాక్ ఉందని తెలిస్తే కాన్పు ఎక్కడన్నది ముందే నిర్ణయించుకోండి. పుట్టగానే బిడ్డను చూసే గుండె డాక్టరు, ఎన్‌ఐసీయూ (పసిపిల్లల ఐసీయూ) అక్కడే ఉండాలి. ఫైలు అట్ట మీద పెద్ద అక్షరాలతో రాయించండి: "శిశువుకు పూర్తి హార్ట్ బ్లాక్ ఉంది, గుండె వేగం 60". ఆ మాట తెలియని డ్యూటీ డాక్టరు అర్ధరాత్రి ఆ వేగం చూసి బిడ్డ ఉక్కిరిబిక్కిరి అవుతోందనుకుని, నెలలు నిండకుండానే హడావుడిగా ఆపరేషన్ చేసే ప్రమాదం ఉంది. బిడ్డ మామూలు వేగం ఎంతో ఆ అట్ట మీద చూస్తే ఆగి ఆలోచిస్తారు.